ఫర్మాను కొలిచే హక్కు



పోయిన పున్నమి సమావేశంల పంచశీల మీద చర్చ నడుస్తుంటే ఒక తమ్ముడు లేచి నిలబడ్డడు. దేవరకొండ దిక్కు పిల్లగాడు, హైదరాబాదుల తలుపులు, దర్వాజల పని చేస్తడు. "అన్నా, మనువు ఒక ఫర్మా ఇచ్చి గట్లనే బతకమన్నడు. ఇప్పుడు మనం 5 శీలాలు, 22 ప్రతిజ్ఞలు అంటున్నం. ఇదీ ఇంకో ఫర్మానే కదా? మనం ఫర్మా నుంచి బయటపడ్డమా, ఫర్మా మార్చుకున్నమా?" అని అడిగిండు. కొందరు పెద్దమనుషులకు కోపం వచ్చింది, పంచశీలను తీసుకపోయి మనుస్మృతి పక్కన పెడతవా అన్నరు. నాకు మాత్రం ఆ ప్రశ్న ఉత్త నోటికొచ్చింది కాదు, చేతి పనిల నుంచి వచ్చింది అనిపించింది. అందుకే ఈసారి పుస్తకంల దాని గురించే రాస్తున్న. జవాబు చెప్పాలంటే ముందుగాల ఆ తమ్ముడు చేసే పనేందో తెలుసుకోవాలె.

తలుపును దర్వాజకు పట్టి ఉంచే ఇనుప మడతను మన దిక్కు కబ్జా అంటరు. ఉర్దూల కబ్జా అంటే పట్టు. తలుపును పట్టుకునేదీ కబ్జానే, మనకిచ్చిన అసైన్డ్ భూమిని పట్టుకునేదీ కబ్జానే. ఆ భూములు చేతులు మారొద్దని 1977లనే చట్టం వచ్చింది గాని రెండో రకం కబ్జా మరలు ఇంకా వదులు కాలేదు. ఆ సంగతి ఇంకోసారి రాసుకుందాం.

కబ్జా రేకు 3 మిల్లీమీటర్ల మందం ఉన్నదనుకోండి. దర్వాజ కట్టెల సరిగ్గా అంతే లోతు గాడి తీయాలె. రేకు గాడిల కూర్చున్నంక పైన చేయి పెట్టి రాస్తే కట్టె ఎక్కడ అయిపోయిందో, ఇనుము ఎక్కడ మొదలైందో తెలియొద్దు. లోతు ఎక్కువైతే తలుపు మూయబోయినప్పుడు వెనక్కి తన్నుతది. తక్కువైతే కబ్జా దిక్కు సందు పడి, గొళ్ళెం దిక్కు తలుపు రాసుకుంటది. ఒక తలుపుకు మూడు కబ్జాలుంటయ్, మూడూ ఒక్క వరుసల ఉండాలె. లేకుంటే బరువంతా ఒక్క కబ్జా మీదనే పడి మరలు ఊడుతయ్.

వెనుకట ఇదంతా ఉలితో చేసేది. పెన్సిలుతో గీసి, ఉలిని నిలువుగ పట్టి గాట్లు పెట్టి, పొరలు పొరలుగ లేపాలె. చేయి కుదరడానికి ఏండ్లు పట్టేది. ఇప్పుడు రౌటర్ మిషన్ వచ్చింది. దాని బిట్టు నిమిషానికి 25 వేలు, 30 వేల చుట్లు తిరుగుతది. దాన్ని ఉత్త చేతులతో పట్టి నడిపిస్తే ఎటు గుంజుతదో చెప్పలేం. అందుకని ఒక ప్లైవుడ్ ముక్కల కబ్జా ఆకారం కోస్తరు. దాన్ని దర్వాజ కట్టె మీద బిగించి, రౌటర్‌ను ఆ కోసిన సందులనే తిప్పుతరు. ఆ ప్లైవుడ్ ముక్కనే ఫర్మా. ఉలితో అరగంట పట్టే గాడి నాలుగైదు నిమిషాలల్ల అయితది. పదో గాడి కూడ మొదటి గాడి లెక్కనే ఉంటది.

ఇక్కడ ఒక లెక్క ఉన్నది, నా వాదనంతా దాని మీదనే నడుస్తది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. రౌటర్ కింద బిట్టు చుట్టూ ఒక ఇనుప కంఠం ఉంటది, బుష్ అంటరు. ఫర్మా అంచును తాకేది ఆ బుష్, కట్టెను కోసేది లోపలి బిట్టు. బుష్ వెడల్పు 16 మిల్లీమీటర్లు, బిట్టు వెడల్పు 12 అయితే, బిట్టు ఒక్కో దిక్కు 2 మిల్లీమీటర్లు లోపలికే ఆగిపోతది. కాబట్టి 100 మిల్లీమీటర్ల పొడుగు కబ్జాకు ఫర్మాల సందు 100 కోస్తే గాడి 96 మాత్రమే వస్తది, రేకు కూర్చోదు. 104 కోయాలె. ఈ సంగతి తెలిసినోడు ఫర్మా కోస్తడు. తెలియనోడు కూడ ఆ ఫర్మాను పట్టుకొని మంచి గాడి తీయొచ్చు. ఫర్మా గొప్పతనం అదే, ప్రమాదం కూడ అక్కడనే ఉన్నది.

ముందు గొప్పతనం సంగతి. మన ఊర్లల్ల వడ్లాయన కొడుకే వడ్లాయన అయ్యేది. మాల, మాదిగ ఇంట్ల పుట్టినోడు ఉలి పట్టి దర్వాజ చేస్తనంటే నేర్పేటోడు లేకుండె, చేసినా పెట్టుకునే ఇల్లు లేకుండె. మన ఇండ్లకు దర్వాజ ఎక్కడిది, తడికనే తలుపు. పాలమూరు లేబర్ అనే పేరుతోటి దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు, బంగళాలు కట్టిన మన తాతల ఇండ్లకు కబ్జా అవసరమే పడలేదు. బాబాసాహెబ్ 1936ల లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ కోసం రాసిన, వాళ్ళు చదవనియ్యని ఉపన్యాసంల ఈ ముచ్చటనే తేల్చి చెప్పిండు. కులం పనిని పంచలేదు, పని చేసే మనుషులను విడగొట్టింది, ఒకరి మీద ఒకరిని పేర్చింది అన్నడు. పనితనం రక్తంల ఉంటదని నమ్మించడమే ఆ పేర్పుకు పునాది.

నిజానికి అది ఎన్నడూ రక్తంల లేదు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతి పలకను దానం చేసినోళ్ళల్ల విధిక అనే ఆయన ఉన్నడు. శాసనంల తాను చమ్మకారుడినని, అంటే తోలు పని చేసేవాడినని చెప్పుకున్నడు, తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని చెప్పుకున్నడు. పంతులు కొడుకు తోలు పని చేస్తడు, తల్లిని, పెండ్లాన్ని, పిల్లలను కలుపుకొని స్తూపానికి దానం చేస్తడు, ఆ పేరును దాచకుండ రాతి మీద చెక్కిస్తడు. సాంచీల దక్షిణ తోరణం మీద ఇంకో శాసనం ఉన్నది. ఆ చెక్కుడు పని చేసింది విదిశ నగరపు దంతపు పనివాళ్ళు. ఏనుగు దంతం మీద చిన్న చిన్న బొమ్మలు తీసిన చేతులే రాతి స్తంభం మీద పని చేసినయ్. మన సూర్యాపేట దిక్కు ఫణిగిరి కొండ మీద దొరికిన తోరణపు రాతి దూలాలు 2023ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాక పోయినయ్. వాటిని చూసినా, అమరావతి, సాంచీ స్తూపాల చుట్టూ రాతి కంచెను చూసినా ఒకటి తెలుస్తది. అదంతా వడ్రంగి పనే, రాతిల చేసిండ్రు. నిలువు స్తంభానికి తొలి కొట్టి అడ్డపు పట్టెను దూర్చడం కట్టె పని పద్ధతి. బౌద్ధం బతికున్న కాలంల విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఒక సరుకు మీది నుంచి ఇంకో సరుకు మీదికి పోయిందనడానికి ఈ రాళ్ళే సాక్ష్యం.

ఇప్పుడు రౌటర్, ఫర్మా కలిసి ఆ తలుపును ఇంకొంచెం తెరిచినయ్. దేవరకొండ తమ్ముడు ఏ కొలిమి కాడ, ఏ గురువు కాడ పదేండ్లు కూర్చోలేదు. రెండేండ్లు ఒక షాపుల పని చేసి నేర్చిండు. ఇది వడ్లోళ్ళ పొట్ట కొట్టడం కాదా అని మనల్నే కొందరు అడుగుతరు. అడగాల్సిన ప్రశ్ననే. వాళ్ళు కూడ దొరలకు వెట్టి చేసినోళ్ళే, గింజల కోసం కళ్ళాల కాడ నిలబడ్డోళ్ళే. రెడీమేడ్ తలుపులు, సిమెంటు చౌకట్లు వచ్చి వాళ్ళ రందా, బాడిసె మూలకు పడ్డయ్. అయితే దీనికి బాబాసాహెబ్ జవాబు 1945లనే ఉన్నది. గాంధీగారి చరఖా వాదాన్ని విమర్శిస్తూ, తప్పు యంత్రంల లేదు, యంత్రం లాభాన్ని కొందరికే అప్పజెప్పే సమాజ ఏర్పాటుల ఉన్నది అన్నడు. మనిషికి తీరిక దొరకాలె, తీరిక లేనిదే చదువు, ఆలోచన ఉండవు, ఆ తీరికను ఇచ్చేది యంత్రమే అని ఆయన వాదన. కాబట్టి వడ్లాయన కొడుకు, మాదిగాయన కొడుకు ఒక్క ఫర్మా పట్టుకొని పక్క పక్కన పని చేస్తున్నరంటే అది మనకు సంతోషమే. కూలి రేటు కాడ ఇద్దరు కలిసి నిలబడ్డరా లేదా అన్నదే చూడాలె.

ఇక ప్రమాదం సంగతి. ఏడు తలుపుల ఇల్లు తీసుకోండి. తలుపుకు మూడు కబ్జాలు, ఒక్కో కబ్జాకు దర్వాజల ఒక గాడి, తలుపుల ఒక గాడి. మొత్తం 42 గాళ్ళు. ఉలి పట్టినోడు ఒక గాడిల తప్పు చేస్తే ఆ ఒక్కటే పాడైతది. ఫర్మా తప్పైతే 42 పాడైతయ్. అదీ ఎట్ల? శ్రద్ధగ, నిజాయితీగ, ఫర్మాను ఒక్క నూలు దాటకుండ పని చేస్తే పాడైతయ్. పనివాడి దోషం ఏమీ ఉండదు. ఎంత విధేయంగ చేస్తే అంత నష్టం.

మనుస్మృతి ఇసొంటి ఫర్మా. దాన్ని పాటించిన వాళ్ళందరు దుర్మార్గులేం కాదు. మన అవ్వలకు పై నుంచి నీళ్ళు పోసిన ఇల్లాలు ఇంట్ల పిల్లలను ప్రేమగనే చూసుకుంది. ఆమె చేయి వంకర లేదు, చేతికిచ్చిన ఫర్మా వంకర. అయితే అసలు తేడా ఇంకోకాడ ఉన్నది. ఏ ఫర్మా అయినా తప్పు కావొచ్చు, కొలిచి సరిచేసుకుంటం. మనుస్మృతి కొలవడాన్నే నేరం చేసింది. శ్రుతిని, స్మృతిని తర్కం పట్టుకొని ప్రశ్నించినోన్ని సజ్జనులు వెలివేయాలని దాని రెండో అధ్యాయంలనే రాసి ఉన్నది. టేపు పట్టుకున్న చేయిని నరకమన్న ఫర్మా అది. 1927 డిసెంబరు 25న మహద్‌ల బాబాసాహెబ్ ఆధ్వర్యంల దాన్ని కాల్చింది అందుకే. సరిచేయడానికి సందు ఇయ్యని దాన్ని ఏం చేస్తరు మరి?

ఇప్పుడు పంచశీల దిక్కు రండి. కేశపుత్త గ్రామంల కాలాములు, వచ్చిన ప్రతి గురువు తన మాటే నిజమంటున్నడు, ఎవరిని నమ్మాలె అని బుద్ధుడిని అడిగిండ్రు. పరంపరగ వచ్చిందని, గ్రంథంల ఉన్నదని, చెప్పినాయన మా గురువని ఒప్పుకోవద్దు, మీ అంతట మీరు పరీక్షించి చూసుకోండి అని ఆయన జవాబు. ఆఖరి రోజులల్ల ఇంకో మాట కూడ అన్నడు. తన తర్వాత కావాలనుకుంటే సంఘం చిన్న చిన్న శిక్షాపదాలను తీసెయ్యొచ్చు అన్నడు. ఫర్మా కోసినాయనే టేపును మన చేతికిచ్చి పోయిండు. బాబాసాహెబ్ ఆ టేపును బుద్ధుడి కథ మీద కూడ పెట్టిండు. 29 ఏండ్ల దాక సిద్ధార్థుడు ముసలోన్ని, రోగిని, శవాన్ని చూడనే లేదంటే నమ్మేటట్టు ఉన్నదా అని తన బుద్ధుడు–ధమ్మం గ్రంథం ముందుమాటలనే అడిగిండు. దాని బదులు రోహిణి నది నీళ్ళ కోసం శాక్యులకు, కోలియులకు వచ్చిన తగాదను ఇల్లు విడిచిన కారణంగ చూపిండు. కృష్ణా నీళ్ళు కండ్ల ముందట పోతుంటే ఎండిన బోర్లు చూసిన పాలమూరు, నల్లగొండ మనుషులకు ఆ కారణం వేరే వివరించాల్సిన పని లేదు.

1936 ఉపన్యాసంలనే ఆయన ఇంకో విభజన చేసిండు. నియమం వేరు, సూత్రం వేరు. నియమం వంట చేసే పద్ధతి చెప్పినట్టు ఏం చేయాల్నో, ఎట్ల చేయాల్నో చెప్పి ఊకుంటది. సూత్రం ఒక పని మంచిదా చెడ్డదా తేల్చుకునే దారి ఇస్తది, తేల్చే బాధ్యత మాత్రం నీ మీదనే పెడుతది. వడ్రంగి మాటల చెప్పాలంటే 104 అనేది నియమం. బుష్‌కు, బిట్టుకు మధ్యల ఎంత తేడా ఉన్నదో అంత కలుపుకోవాలె అనేది సూత్రం. బిట్టు మారిన నాడు 104 పట్టుకొని కూర్చుంటే గాడి పాడైతది. సూత్రం తెలిసినోడు కొత్త ఫర్మా కోసుకుంటడు.

శీలాలను తీసుకునేటప్పుడు మనం పలికే మాట శిక్షాపదం. నేర్చుకునే మెట్టు అని అర్థం. సమాదియామి అంటే నా అంతట నేను స్వీకరిస్తున్న అని. ఆజ్ఞ ఇచ్చేటోడు ఎవడూ లేడు, తప్పితే నరకంల ఏసేటోడూ లేడు. తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇది: అవును, పంచశీల ఒక ఫర్మానే. కొత్తగ వచ్చినోని చేతికి ఒక ఆసరా కావాలె, అందుకోసం కోసిన ఫర్మా. ఎందుకు కోసిండ్రో అడగొచ్చు, కొలవొచ్చు. అడగకుండ పట్టుకుంటేనే అది మనువు ఫర్మాకు దగ్గరైతది, మీద బుద్ధుడి పేరు రాసి ఉన్నా సరే.

రౌటర్ పనిల ఇంకోటి ఉన్నది, చూసినోళ్ళకు తెలుస్తది. బిట్టు గుండ్రంగ తిరుగుతది కాబట్టి గాడి మూలలు గుండ్రంగనే మిగులుతయ్. కబ్జా మూలలు నలుచదరం. కాబట్టి ఎంత మంచి మిషన్ ఉన్నా ఆఖరుకు ఉలి తీసి నాలుగు దెబ్బలు కొట్టి మూల తీయాల్సిందే. (గుండ్రపు మూలల కబ్జాలు కూడ దొరుకుతయ్ గాని మన దిక్కు ఎక్కువ వాడరు.) మన శీలాలకు కూడ ఫర్మా చేరని మూలలు ఉన్నయ్.

ఇయ్యనిది తీసుకోను అని రెండో శీలం చెప్పుకుంటం. ఎవని జేబుల చేయి పెట్టలేదు కాబట్టి శీలం నిలబడ్డదనుకుంటం. మన ఇంటి పనికి వచ్చిన మేస్త్రీ పక్కన ఇటుకలు, ఇసుక అందించే ఆడమనిషికి, అదే అందించే మగమనిషికి ఒక్క కూలి ఇస్తున్నమా? సమాన పనికి సమాన వేతనం అని 1976లనే చట్టం అయింది. చట్టం సంగతి అట్ల ఉంచినా, ఆమెకు తక్కువిచ్చి మిగుల్చుకున్న వంద, రెండొందలు ఎవరు ఇచ్చినయ్ మనకు? అబద్ధమాడను అని నాలుగో శీలం. పిల్లకు సంబంధం చూసేటప్పుడు మాకు కులం పట్టింపు లేదు అంటం, పక్కకు పోయి వాళ్ళు మనోళ్ళేనా అని అడుగుతం. మాల ఇంటికి మాదిగ పిల్ల, మాదిగ ఇంటికి మాల పిల్ల కోడలుగ వస్తదంటే త్రిశరణం చెప్పిన ఇండ్లల్ల కూడ గొంతు మారుతది. ఈ మూలలల్ల మిషన్ తిరగదు. ఇక్కడ ఎవరి ఉలి వాళ్ళే పట్టుకోవాలె.

ఇదంతా పైకి కనిపించదు కూడ. అంగుత్తర నికాయంల పచేతన రాజు దగ్గరి రథకారుడి కథ ఉన్నది. యుద్ధానికి ఆరు నెలలల్ల ఒక జత చక్రాలు చేయమని రాజు అడిగిండు. ఆరు రోజులు మిగిలి ఉన్నప్పుడు ఒక్క చక్రమే అయింది. రెండోది ఆ ఆరు రోజులల్ల చేసి ఇచ్చిండు. రెండిటిని చూసి రాజు నాకేం తేడా కనిపిస్తలేదే అన్నడు. రథకారుడు రెండిటిని దొర్లించి చూపిండు. ఆరు రోజుల చక్రం తోసిన బలం ఉన్నంత సేపు పోయి, వంకర్లు తిరిగి కింద పడ్డది. మొదటిది బలం అయిపోయినంక కూడ ఇరుసుకు ఎక్కించినట్టు నిలబడ్డది. పడ్డ చక్రం అంచుల, ఆకుల, కుండల వంకరలు ఉండె. మాటల, చేతల, మనసుల వంకరలు తీసుకోమని బుద్ధుడు ఆ కథను భిక్షువులకు చెప్పిండు.

దీన్ని ఆదరాబాదర పని వద్దు, మిషన్ వద్దు అని చెప్పే కథగ తీసుకోవద్దు. రెండు చక్రాలు చేసింది ఒక్క మనిషే, ఒక్క పనిముట్లతోనే. రాజు కంటికి రెండూ ఒక్కటే. తేడా తెలిసింది దొర్లించినప్పుడు. కొత్త తలుపు కూడ అంతే. పాలిష్ కొట్టిన నాడు అన్ని తలుపులు బాగనే ఉంటయ్. మొదటి వానకాలం పోయి, కట్టె నీరు తాగి ఉబ్బినంక ఏ తలుపు కుంగిందో, ఏది ఒక్క వేలుతో మూతపడుతదో తెలుస్తది. మన దీక్షలు కూడ అక్టోబరు 14న తెల్లబట్టలు కట్టినప్పుడు ఒక్క లెక్కనే కనిపిస్తయ్. పొలం గెట్టు పంచాయితీ వచ్చిన నాడు, సర్పంచ్ ఎన్నికలల్ల పైసలు పంచే రాత్రి, ఇంట్ల పెండ్లి కుదిరిన నాడు దొర్లుతయ్.

దర్వాజల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. ఇప్పుడు మన వాడలల్ల ఇందిరమ్మ ఇండ్లు లేస్తున్నయ్. దర్వాజ ఎత్తే రోజు ఏం చేస్తున్నమో చూడండి. ముహూర్తం అడుగుతం. తూర్పా, ఉత్తరమా అని వాస్తు అడుగుతం. మన వాడ ఊరికి ఏ దిక్కు ఉండాల్నో వెనుకట ఊరే నిర్ణయించింది. ఇప్పుడు మన దర్వాజ ఏ దిక్కు ఉండాల్నో వాస్తు పంతులు నిర్ణయిస్తుంటే చేతులు కట్టుకొని వింటున్నం. బ్రాహ్మణులతో ఏ సంస్కారం చేయించనని 1956ల నాగపూర్‌ల ఇచ్చిన 22 ప్రతిజ్ఞలల్ల ఉన్నది కదా అంటే, మేము పంతులును పిలువలేదు, ఫోన్‌ల అడిగినం అంతే అంటున్నరు! కొన్ని ఇండ్లల్ల గణపతి ఫొటో తీసి బుద్ధుడి ఫొటో పెడుతున్నరు. అదే కొబ్బరికాయ, అదే నిమ్మకాయ, అదే ముహూర్తం. పాత ఫర్మానే, మీద కాగితం మార్చిండ్రు. ఇది మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పను. అవ్వలకు ఒక్కసారిగ అన్నీ వదులుడు కష్టమే, ఆ బెంగ నాకు అర్థమైతది. అయితే గాలి, వెలుతురు ఎటు నుంచి వస్తయ్, వాననీళ్ళు ఎటు పోతయ్, ముసలోళ్ళకు గడప ఎంత ఎత్తు ఉంటే దాటవశమైతది అని ముందు అడిగి, ఆ తర్వాత దర్వాజ దిక్కు తేల్చుకునే ఇల్లు ఒక్కటన్నా ప్రతి వాడల లేవాలె.

ఆ రోజు వడ్లాయనకు బట్టలు పెట్టే ఆచారం ఉన్నది. అది ఉండనీయండి, పని చేసిన మనిషికి మర్యాద మంచిదే. కానీ ఆ బరువు దర్వాజను భుజం మీద మోసుకొచ్చి నిలబెట్టేది ఇద్దరు ముగ్గురు కూలోళ్ళు, మోటారు నీళ్ళు పట్టి సిమెంటు కలిపేది ఒక ఆడమనిషి. వాళ్ళకు ఎవరూ బట్టలు పెట్టరు, వాళ్ళను దర్వాజ ముందు ఫొటోల నిలబెట్టరు. వచ్చే పున్నమి లోపల మన సంఘపోళ్ళయే మూడు ఇండ్లకు దర్వాజలు ఎత్తేది ఉన్నది. ఆ మూడిండ్లోళ్ళు, పనికొచ్చే మేస్త్రీలు, దేవరకొండ తమ్ముడు అందరు ఒక రోజు ముందుగాల కూర్చొని ఆ కార్యక్రమం ఎట్ల చేయాల్నో, కూలి ఎవరికెంతనో మాట్లాడుకోవాలని అనుకున్నం. తమ్ముడు తన ఫర్మా, ఒక కబ్జా, టేపు పట్టుకొని వస్తనన్నడు. ఈ పుస్తకం చదివినోళ్ళల్ల ఇల్లు కట్టుకుంటున్నోళ్ళు ఉంటే వాళ్ళు కూడ రావొచ్చు.